సీ డ్రైవ్ ఇరుకయిందా, డిస్కే పాడయిందా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పెళ్లి శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు కవితల పుస్తకాలు. కంప్యూటర్ 2011లో అసెంబుల్ చేయించింది. 500 జీబీ హార్డ్ డిస్క్, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, 'అను' తెలుగు ఫాంట్లు అందులోనే ఉన్నాయి. వాటి సీడీలు ఇప్పుడు నా దగ్గర లేవు. సీ డ్రైవ్ 50 జీబీ, ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉంటుంది. మిగతాది డీ, ఈ, ఎఫ్ అని మూడు భాగాలు. మూడు నెలలుగా ఆన్ అవడానికే పావుగంట పడుతోంది. ఈ (E) డ్రైవ్‌లో పాత పుస్తకాల ఫోల్డర్ ఒకటి తెరిస్తే మొత్తం బిగుసుకుపోతుంది. షాపు అబ్బాయి "పార్టిషన్లన్నీ తీసేసి మళ్లీ చేస్తే కొత్తదానిలా పనిచేస్తుంది మేడమ్" అంటున్నాడు. మా మేనల్లుడేమో "పారేసి కొత్తది కొనుక్కో అత్తా" అంటున్నాడు. కొత్తదాంట్లో నా పేజ్‌మేకర్ వస్తుందో రాదోనని టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: షాపు అబ్బాయి చెప్పింది ఒక రకం జబ్బుకు సరైన మందే. మీ కంప్యూటర్‌కు రెండు జబ్బులు ఉన్నట్టు కనిపిస్తోంది. ఆ మందు మొదటిదానికి పనిచేస్తుంది. రెండోదానికి వేస్తే మీ పుస్తకాలు పోవచ్చు. అందుకని ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా కంప్యూటర్ ఆన్ చేయకండి. ఇప్పటికే ఆన్‌లో ఉంటే మామూలుగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ కూడా తీసేయండి.

మొదటి జబ్బు సీ డ్రైవ్ ఇరుకు. విండోస్ 7లో ఖాళీ పదో వంతుకన్నా తగ్గితే ఆ పట్టీ ఎర్రబడుతుంది. 50 జీబీలో విండోస్, దాని అప్‌డేట్లు, టెంపరరీ ఫైళ్లు అన్నీ సర్దుకోవాలి. ర్యామ్ 2 జీబీయే కాబట్టి పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) మీద భారం ఎక్కువ, అదీ సీలోనే. మీరు ప్రింట్ ఇచ్చిన ప్రతి పేజీ ప్రింటర్‌కు వెళ్లేముందు సీలోనే ఒక ఫైలుగా తయారవుతుంది. బొమ్మలున్న శుభలేఖ అయితే ఆ ఫైలు చాలా పెద్దది. చోటు లేకపోతే ప్రింట్ మధ్యలో ఆగుతుంది, పేజ్‌మేకర్ మూసుకుపోతుంది, అంతా నత్తనడక. ఈ జబ్బుకు పార్టిషన్లు మార్చి సీని పెద్దది చేయడం నిజంగా మంచి మందు.

రెండో జబ్బు డిస్క్ పళ్లెం మీదే మచ్చలు పడటం. సెక్టార్ అంటే డిస్క్ మీద సమాచారం రాసుకునే చిన్న గడి. పాడైన గడులనే బ్యాడ్ సెక్టార్లు అంటాం. ఒక్క ఫోల్డర్ దగ్గరకు వెళ్లగానే మొత్తం బిగుసుకుపోతోందని రాశారే, నాకు భయం కలిగించింది అదే. చదవలేని చోటు తగిలినప్పుడు డిస్క్ అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంతసేపూ విండోస్ జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆన్ అవడానికి పావుగంట పడుతోందంటే, విండోస్ ఫైళ్లున్న చోట కూడా కొన్ని మచ్చలు ఉండి ఉండవచ్చు.

పార్టిషన్ అంటే పొలంలో గట్టు లాంటిది. గట్టు జరిపితే ఒక మడి పెద్దదవుతుంది, ఒక మడి చిన్నదవుతుంది, అంతేగాని చవుడు పోదు. ఆ గట్ల ప్రధాన వివరం డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లో ఉండే చిన్న పట్టిక. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లే. పార్టిషన్లు తీసేయడమంటే ఆ పట్టికను చెరిపి మళ్లీ రాయడమే. మచ్చలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.

ఇంకో సంగతి. గట్టు జరపడం ఊరికే కాదు. డీ డ్రైవ్ మొదలును కుడివైపుకు జరపాలంటే దానిలోని సమాచారమంతా చదివి వేరేచోట రాయాలి. 100 జీబీ ఉంటే 100 జీబీ కదలాలి. గంటల తరబడి సాగే పని. నీరసించిన డిస్క్‌కు అంత శ్రమ పెడితే మధ్యలో ఆగిపోవచ్చు. అలా ఆగితే సగం పాతచోట, సగం కొత్తచోట మిగులుతుంది. కరెంటు పోయినా అదే గతి.

కాబట్టి ముందు పరీక్ష. ఆన్ చేయగానే డిస్క్‌లోంచి టక్, టక్ అని ఒకే లయలో చప్పుడు వస్తోందా వినండి. వస్తుంటే వెంటనే ఆపేయండి. చదివే హెడ్లు పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ తిరుగుతుంటాయి. అవి దెబ్బతిని పళ్లేన్ని తాకుతుంటే ప్రతి నిమిషానికీ నష్టం పెరుగుతుంది. అప్పుడు ఇంట్లో చేయగలిగింది లేదు. ఆ ఫైళ్లు మీకు అంత ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకే తీసుకెళ్లాలి. ఒక్కోసారి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) బలహీనపడి సరిగా కరెంటు ఇవ్వకపోయినా డిస్క్ ఇలా చప్పుడు చేస్తూ ఆగి తిరుగుతుంది. ఆ మాట మాత్రం షాపులో చెప్పి, వేరే ఎస్‌ఎంపీఎస్‌తో ఒకసారి చూడమనండి.

చప్పుడు లేకపోతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌ను మీ మేనల్లుడి కంప్యూటర్‌లో దించుకోండి. ఇన్‌స్టాల్ చేయాల్సిన అవసరం లేని పోర్టబుల్ రకం ఉంటుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అక్కడినుంచే నడపండి. పాడవుతున్న డిస్క్ మీద కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను ఈ ప్రోగ్రామ్ చూపిస్తుంది. వీటిని స్మార్ట్ వివరాలు అంటారు. నీలం రంగు ఉంటే బాగున్నట్టు, పసుపు జాగ్రత్త, ఎరుపు ప్రమాదం. రంగు ఒక్కటే చూసి వదిలేయకండి. వరసల్లో 05 అన్నది ఇప్పటికే పాడై, వేరేచోటికి మార్చేసిన సెక్టార్ల లెక్క. సి5 అన్నది చదవలేక అనుమానంలో పెట్టినవి. సి6 సరిదిద్దలేకపోయినవి. ఈ మూడింటి ఎదురుగా చివరి గడిలో సున్నాలే ఉంటే డిస్క్ బాగున్నట్టే భావించవచ్చు. ఆ అంకెలు మామూలు అంకెల్లా కాకుండా అక్షరాలతో కలిసి కనిపిస్తే కంగారుపడకండి, మెనూలో రా వాల్యూస్ అన్నచోట పదుల లెక్కకు మార్చుకోవచ్చు.

వాటి కిందే సి7 అని ఇంకొకటి ఉంటుంది. అది పెరుగుతూ, పైమూడూ సున్నాగా ఉంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు. డిస్క్‌కూ మదర్‌బోర్డ్‌కూ మధ్య ఉండే సాటా కేబుల్ వదులైనా, పాతబడినా ఈ లెక్క పెరుగుతుంది. చవకైన కేబుల్ ఒకటి మార్చితే పనైపోయే కంప్యూటర్లు ఉన్నాయి. ఈ లెక్క వెనక్కి తగ్గదు, కాబట్టి మార్చాక ఆగిందా లేదా అన్నదే చూడాలి. పార్టిషన్లు తీసేసే ముందు ఇది చూడనివాళ్లంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

మీ విషయంలో 05 దగ్గరా, సి5 దగ్గరా ఏదో అంకె ఉంటుందని నా అనుమానం. ఉందనే అనుకుని ముందుకు వెళదాం.

అప్పుడు చేయకూడనివి రెండు. ఒకటి, చెక్‌డిస్క్, అంటే డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు. చాలామంది మొదట ఇచ్చే సలహా ఇదే. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌లో ఫైళ్ల పట్టిక చెదిరితే అది మంచి పనిముట్టే. మచ్చలున్న డిస్క్ మీద, కాపీ తీయకముందు నడిపితే చదవలేని ఫైళ్లను పట్టికలోంచి తీసేయవచ్చు, ముక్కలు ముక్కలుగా వేరే ఫోల్డర్‌లో పడేయవచ్చు. కొన్నిసార్లు కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర మీద అదే మొదలవబోతుంది. ఏదైనా కీ నొక్కితే ఆగుతుందని కొన్ని సెకన్లు గడువిస్తుంది. నొక్కండి. రెండోది డీఫ్రాగ్, అంటే చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే పని. అది డిస్క్ అంతటినీ కదిలిస్తుంది. విండోస్ 7 దాన్ని వారానికోసారి తనంతట తానే చేస్తుంది, కాబట్టి షెడ్యూల్‌లోంచి తీసేయండి.

ఇక కాపీ తీయడం. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. మీరు మామూలుగా రాసేశారుగానీ, ఆ పాత పుస్తకాల ఫోల్డర్ నా మనసులోంచి పోవడం లేదు. సొంత ఖర్చుతో మూడొందల కాపీలు వేయించుకున్న కవి, వంశవృక్షం రాయించుకున్న పెద్దాయన, ఇలాంటివాళ్ల పుస్తకాల అసలు ఫైళ్లు ప్రెస్సులో ఉండవు, వాళ్ల ఇళ్లలోనూ ఉండవు. డీటీపీ చేసినవాళ్ల డిస్క్‌లోనే ఉంటాయి. రచయిత కాలం చేశాక పిల్లలు వచ్చి రెండో ముద్రణ అడిగితే దిక్కు అదే. దాని కాపీ ఇంకెక్కడైనా ఉందా లేదా అన్నది మీకే తెలియాలి. లేకపోతే ఈ డిస్క్‌తో చేసే ప్రతి పనీ ఆ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని చేయాలి.

1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి కొనండి. కాపీని మీ పాత కంప్యూటర్‌లోంచే తీయవచ్చుగానీ నేనైతే డిస్క్‌ను బయటికి తీసి మేనల్లుడి లాప్‌టాప్‌కు తగిలించమంటాను. పాత విండోస్ ఆన్ అవుతూ ఆ డిస్క్ మీద రాసే రాతలు తప్పుతాయి. దీనికి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కావాలి. డెస్క్‌టాప్ డిస్క్ 3.5 అంగుళాలది, దానికి 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి కాబట్టి వేరే పవర్ ప్లగ్ ఉన్న అడాప్టరే అడగండి. లాప్‌టాప్ డిస్క్‌లకు వాడే సన్న కేబుల్ సరిపోదు. తగిలించగానే విండోస్ "ఫార్మాట్ చేయాలా" అని గానీ, "స్కాన్ చేసి సరిచేయాలా" అని గానీ అడిగితే రెండిటికీ వద్దనే చెప్పాలి.

అంతా సెలెక్ట్ చేసి ఒకేసారి లాగకండి. మొదట ఈ నెల పని. తర్వాత డీ, ఎఫ్ డ్రైవ్‌లలోని పేజ్‌మేకర్ ఫైళ్లు, వాటికి లింక్ చేసిన బొమ్మలు. తర్వాత సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్. చాలామంది డీ, ఈ డ్రైవ్‌లు కాపీ చేసుకుని డెస్క్‌టాప్ కూడా సీలోనే ఉందని మరిచిపోతారు. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ మొత్తం కూడా తీయండి. అను ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతివి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు కూర్చినవి. ఆ ఫాంట్ లేకపోతే మీ పుస్తకం తెరిచినా పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలే కనిపిస్తాయి. ఈ (E) డ్రైవ్‌లో బిగుసుకుపోయే ఫోల్డర్‌ను అన్నిటికన్నా చివరికి ఉంచండి. మనసంతా దాని మీదే ఉంటుందని నాకు తెలుసు. కానీ దాని మీద మొదలుపెడితే మిగతావి తీసేలోపే డిస్క్ ఆగిపోవచ్చు.

విండోస్‌లో మామూలు కాపీ ఒక పాడైన ఫైలు దగ్గర ఆగి కూర్చుంటుంది. రోబోకాపీ అని విండోస్‌తోనే వచ్చే కమాండ్ ఒకటి ఉంది, అది చదవలేని ఫైలు వదిలేసి ముందుకు పోతుంది. కాకపోతే ఏమీ చెప్పకపోతే ఒక్కో ఫైలును 10 లక్షల సార్లు, 30 సెకన్ల విరామంతో ప్రయత్నిస్తుంది! మళ్లీ ప్రయత్నాలు, ఎదురుచూపు రెండూ సున్నా అని చెప్పి నడపమని మేనల్లుడికి చెప్పండి.

ఆ చివరి ఫోల్డర్‌కు, సీడీలు లేని మీ పేజ్‌మేకర్‌కు కలిపి ఇంకో మార్గం ఉంది. డిస్క్ మొత్తాన్ని సెక్టార్‌కు సెక్టార్ కొత్త డిస్క్ మీదకు దించడం. దీనికి డిడిరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ బాగా పనికొస్తుంది. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ను (విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను) పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో కంప్యూటర్ ఆన్ చేస్తే అందులోనే ఉంటుంది. దాని గొప్పతనం ఏమిటంటే, మొదటి విడతలో బాగున్న చోట్లన్నీ చకచకా తీసేస్తుంది, మొరాయించే చోట్లు ఒక చిన్న ఫైలులో గుర్తుపెట్టుకుని తర్వాత వాటి సంగతి చూస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ గుర్తుల ఫైలు ఉంటే ఆగినచోటి నుంచే మొదలుపెట్టవచ్చు, కాబట్టి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోనో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనో భద్రంగా ఉంచాలి. ఒకే ఒక్క ప్రమాదం ఉంది: ఏది పాత డిస్క్, ఏది కొత్తది అన్నది తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ పుస్తకాల మీద పడుతుంది. డిస్క్ సైజూ, మోడల్ నంబరూ రెండుసార్లు చూసుకున్నాకే ఎంటర్ నొక్కాలి. ఈ పని అలవాటున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

ఓపిక కూడా కావాలి. పాత కంప్యూటర్‌లోని యూఎస్‌బీ 2.0 ద్వారా సెకనుకు 30 ఎంబీ చొప్పున వెళ్లినా 500 జీబీకి నాలుగున్నర గంటలు దాటుతుంది. మచ్చలున్న చోట్ల ఇంకా ఆలస్యం. వేడెక్కకుండా డిస్క్ మీదకు ఫ్యాన్ పెట్టండి.

కొత్త డిస్క్‌గా ఎస్‌ఎస్‌డీ కొనండి. 2011 కంప్యూటర్ సాటా 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీని హాయిగా తీసుకుంటుంది, విండోస్ 7కూ దాన్ని వాడటం తెలుసు. తిరిగే పళ్లెం, కదిలే హెడ్లు లేకపోవడంతో పాత కంప్యూటర్‌లో కంటికి కనిపించే వేగమంతా దీనివల్లే వస్తుంది. ఒక్కటి గమనించండి. షాపులో 480 జీబీవి ఎక్కువగా చూపిస్తారు. మీ 500 జీబీ డిస్క్‌ను ఉన్నదున్నట్టు దించాలంటే 480 చాలదు, చివర ఉన్న ఎఫ్ డ్రైవ్ తోక తెగిపోతుంది. 500 గానీ, 512 గానీ, అంతకన్నా పెద్దది గానీ తీసుకోండి. తగిలించాక బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో) డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని చెప్పే సాటా సెట్టింగ్ ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చమని ఎవరైనా అంటారు. ముందుగా విండోస్‌ను దానికి సిద్ధం చేయకుండా మారిస్తే నీలం తెర వచ్చి ఆగిపోతుంది. ఎలా ఉందో అలాగే వదిలేయండి.

మీరు అడిగిన పార్టిషన్ల పని చేయాల్సింది ఇప్పుడు, ఈ కొత్త డిస్క్ మీద. పాతది అలమరాలో భద్రంగా ఉంటుంది. ఇక్కడ ఏది తప్పినా మళ్లీ దించుకోవచ్చు.

సీని పెద్దది చేయడం ఎందుకు చాలామందికి కుదరదో చెబుతాను. విండోస్ 7లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, డీని తగ్గిస్తే వచ్చిన ఖాళీని సీకి కలుపుదామంటే ఎక్స్‌టెండ్ అన్నది బూడిదరంగులోనే ఉండిపోతుంది. కారణాలు రెండు. తగ్గించినప్పుడు ఖాళీ డీకి కుడివైపు వస్తుంది, సీకి కావలసింది తన పక్కనే, అంటే డీకి ఎడమవైపు. రెండోది, ఆ రోజుల్లో అసెంబుల్ చేసినవాళ్లు సీ ఒక్కదాన్నే ప్రైమరీగా చేసి డీ, ఈ, ఎఫ్ మూడింటినీ ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల పెట్టేవారు. పాత పద్ధతి పట్టికలో ప్రైమరీలు నాలుగుకు మించి పట్టవు, అందుకే ఆ ఏర్పాటు. ఆ తెరలో డీ, ఈ, ఎఫ్‌ల చుట్టూ ఆకుపచ్చ గీత ఉంటే మీదీ అదే. ఆ గీత లోపలి ఖాళీ లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది, అది సీకి పనికిరాదు. నల్ల పట్టీ ఉన్న ఖాళీయే పనికొస్తుంది.

ఇందుకు జీపార్టెడ్ అనే పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్ వాడాలి, అదీ సిస్టమ్‌రెస్క్యూలోనే ఉంది. మొదట డీని ఎడమవైపు నుంచి తగ్గించాలి, తర్వాత ఎక్స్‌టెండెడ్ గీతను కూడా ఎడమ నుంచి లోపలికి జరపాలి, ఆఖర్న సీని కుడివైపుకు పెంచాలి. ఈ వరస తప్పితే కుదరదు. సీకి 100 జీబీ ఇవ్వండి, మీ పనికి పుష్కలం. ఇంకో తేలిక దారి ఉంది: డీలోని ఫైళ్లు ఎలాగూ కాపీ తీశారు కాబట్టి డీని తీసేసి, ఎక్స్‌టెండెడ్ గీతను ఎడమ నుంచి లోపలికి జరిపి, సీని పెంచి, మిగిలిన చోటులో డీని మళ్లీ చేసి ఫైళ్లు వెనక్కి వేయడం. ఇది గట్టు జరపడం కన్నా త్వరగా అవుతుంది, మధ్యలో ఆగినా పోయేది లేదు. ఏ దారైనా సరే, డీ అక్షరం డీగానే ఉండాలి, ఫోల్డర్ల పేర్లూ మారకూడదు. పేజ్‌మేకర్ లింక్ చేసిన బొమ్మలను డ్రైవ్ అక్షరంతో సహా గుర్తుపెట్టుకుంటుంది. డీ కాస్తా జీ అయితే ప్రతి శుభలేఖ తెరిచినప్పుడూ వినాయకుడి బొమ్మ ఎక్కడని అడుగుతుంది.

జీపార్టెడ్ పని అయ్యాక మొదటిసారి విండోస్ ఆన్ చేస్తే చెక్‌డిస్క్ తనంతట తానే నడుస్తుంది. ఇందాక వద్దన్నాను కదా అని ఆపకండి. ఇది ఆరోగ్యంగా ఉన్న డిస్క్, నడవనివ్వాలి. యూపీఎస్ మీద పెట్టి చేయండి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఈ పని అసలు పెట్టుకోవద్దు.

మచ్చలు పడిన డిస్క్‌కు కూడా పార్టిషన్లు మార్చడం ఉపయోగపడే సందర్భం ఒకటి ఉంది. చవుడు ఒక మూలకే ఉంటే ఆ మూలను గట్టు బయట వదిలేయవచ్చు కదా, అలాగ. పాత డిస్క్‌ను మీరు ఎప్పటికైనా పాటలకో, సినిమాలకో వాడదలిస్తే ఇలా చేయవచ్చు. అదీ కొత్త డిస్క్ మీద పనంతా సజావుగా సాగుతోందని నమ్మకం కుదిరాకే. ముందు పార్టిషన్లన్నీ తీసి, క్విక్ అన్న టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు రాస్తుంది. అనుమానంలో ఉన్న సెక్టార్ మీద రాసినప్పుడు డిస్క్ తేల్చుకుంటుంది: బాగుంటే వాడుకుంటుంది, లేకపోతే తన దగ్గరున్న విడి సెక్టార్లలో ఒకదాన్ని దాని బదులు పెడుతుంది. అప్పుడు సి5 తగ్గి 05 పెరగవచ్చు. ఆ తర్వాత విక్టోరియా లాంటి ప్రోగ్రామ్‌తో ఉపరితలం అంతా చదివించి, ఏ నంబరు దగ్గర తడబడుతోందో రాసుకోవాలి. ఒక జీబీకి 20,97,152 సెక్టార్లు. తడబాటు 8,38,86,080 దగ్గర వచ్చిందంటే అది 40వ జీబీ దగ్గర. ఆ చుట్టుపక్కల అటు పది, ఇటు పది జీబీ కలిపి ఖాళీగా వదిలేసి, మిగతా చోట్ల పార్టిషన్లు చేయాలి. అంత వెడల్పుగా ఎందుకంటే గీత పడిన చోట రాలిన పొడి చుట్టుపక్కల మచ్చలు పెంచుతుంది.

తర్వాత కొన్ని వారాలపాటు 05 అంకెను గమనించండి. ఆగిపోతే ఆ డిస్క్ ఇంకొన్నాళ్లు నడవవచ్చు. పెరుగుతూనే ఉంటే ఎన్ని గట్లు మార్చినా లాభం లేదు. మచ్చలు డిస్క్ అంతటా చల్లినట్టు ఉన్నా అంతే. ఏదైనా సరే మీ పని ఫైళ్లు మళ్లీ దాని మీద పెట్టవద్దు.

మేనల్లుడి మాట కూడా పూర్తిగా కొట్టిపారేయలేను. మదర్‌బోర్డ్‌కు ఇన్నేళ్లు నిండాయి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది, కాబట్టి ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ మార్చుకోవడం మంచిది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. కొత్త కంప్యూటర్‌లో అది సరిగా నడవకపోవచ్చునన్న మీ టెన్షన్ న్యాయమైనదే. దానికి దారి ఉంది. ఎస్‌ఎస్‌డీలో అంతా బాగా నడుస్తున్నప్పుడు డిస్క్2వీహెచ్‌డీ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత పనిముట్టుతో ఆ విండోస్ మొత్తాన్ని, పేజ్‌మేకర్, ఫాంట్లతో సహా, ఒక్క ఫైలుగా మార్చి దాచుకోండి. రేపు కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్‌లో) ఆ ఫైలును తెరిస్తే మీ పాత కంప్యూటర్ ఒక కిటికీలో కనిపిస్తుంది. విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగవచ్చు, డ్రైవర్లు కొంత సర్దాల్సి రావచ్చు. ఈ రెండూ మీ మేనల్లుడు చూసుకోగలడు.

పూర్తయిన పుస్తకాలను తీరిక ఉన్నప్పుడు ఒక్కొక్కటిగా ఫాంట్లు లోపలే ఇమిడేలా పీడీఎఫ్ చేసి పెట్టండి. అప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా అక్షరాలు మారకుండా కనిపిస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి. వత్తులూ, సున్నాలూ అక్కడక్కడ తప్పుతాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి.

షాపు అబ్బాయిని దూరం చేసుకోవద్దు. అతన్నే పిలిచి, "ముందు 05, సి5 అంకెలు చూపించు, తర్వాత ఈ డిస్క్‌ను ఎస్‌ఎస్‌డీ మీదకు దించు, ఆ తర్వాతే సీని పెంచు" అని ఈ వరసలోనే చెప్పండి. పాత డిస్క్‌ను మాత్రం అతని దగ్గర వదిలేయకండి. దాని మీద తేదీ రాసి ఇంటికి తెచ్చుకోండి. అందులో మీ కస్టమర్ల ఆధార్ కాపీలు, బయోడేటాలు కూడా ఉండి ఉంటాయి.